పేరు వెనక ఊరు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు వినగానే పత్తి గుర్తొస్తుంది. నిజానికి ఆ ఇంటిపేరుకు పత్తితో సంబంధం లేదు. పాత ఇంగ్లిష్‌లో ‘కాట్’ అంటే గుడిసె. ‘గుడిసెల దగ్గర’ అనే అర్థంలో ఇంగ్లండులో కాటన్, కోటన్ అనే ఊళ్లు చాలా వెలిశాయి. అలాంటి ఊరు వదిలి వెళ్లినవాణ్ణి కొత్తచోట ఊరిపేరుతోనే పిలిచారు. క్రమంగా అదే ఇంటిపేరైంది.

ఇలాంటి పేర్ల వెంట పడి చదవడం నాకు ప్రాణం. ఈ విద్య నేర్పే మొదటి పాఠం: చెవిని నమ్మకు, పాత రాతను అడుగు. అందుకే ఇంగ్లండు పండితులు 1086లో మొదటి విలియం రాజు తయారు చేయించిన భూముల లెక్క, డూమ్స్‌డే బుక్, తెరుస్తారు. 1923లో ఏర్పడిన ఇంగ్లిష్ ప్లేస్-నేమ్ సొసైటీ ఒక్కో కౌంటీలోని ఊరిపేర్ల పాత రూపాలను సేకరించి సంపుటాలుగా వేస్తోంది.

చెవిని నమ్మితే ఏమవుతుందో యార్క్ పట్టణం చెబుతుంది. రోమన్లు దాన్ని ఎబొరాకమ్ అన్నారు. అది స్థానిక కెల్టిక్ పేరు. యూ చెట్ల చోటని పండితుల అభిప్రాయం. తర్వాత వచ్చిన ఆంగ్లో-శాక్సన్లకు అందులో తమ భాషలోని అడవిపంది వినిపించింది. పేరును ఎయొఫర్‌విక్‌గా మార్చుకున్నారు. 866లో పట్టణాన్ని గెలిచిన డేన్ల నోట అది యోర్విక్ అయింది. అదే అరిగి యార్క్‌గా మిగిలింది. ఈనాటి పలుకులో చెట్టూ లేదు, పందీ లేదు. పాత రాతలే లేకపోతే ఆ కథంతా పోయేది.

ఇంటిపేరు మనిషి కదలికనూ దాచుకుంటుంది. 12వ శతాబ్దం చివర్లో హార్ట్‌బర్న్ విలియం అనే ఆయన డరమ్ ప్రాంతంలోని వాషింగ్టన్‌కు మారి ఆ ఊరిపేరే పెట్టుకున్నాడు. ఆ వంశంలో పుట్టిన జార్జ్ వాషింగ్టన్ పేరు అమెరికా రాజధానికి వెళ్లింది. అయితే ప్రతి పేరూ ఇంత సూటిగా దారి చూపదు. న్యూటన్ అంటే ‘కొత్త ఊరు’. ఆ పేరున్న ఊళ్లు ఇంగ్లండు నిండా ఉన్నాయి. ఏ న్యూటన్ అన్నది తేలాలంటే కుటుంబ దస్తావేజులు, చర్చి రిజిస్టర్లు వెతకాల్సిందే.

మన ఇంటిపేర్లలోనూ ఎన్నో ఊరిపేర్లే. పూడి, పర్రు, కుర్రు అని ముగిసేవాటికి తోచిన అర్థం చెప్పి ఊరుకుంటాం. కానీ మనకూ పాత రాతలున్నాయి: శాసనాలున్నాయి, కంపెనీ అధికారి మెకంజీ సేకరించిన కైఫీయతులనే ఊళ్ల చరిత్రలున్నాయి. మన ఊరిపేరు వాటిలో మొదట ఎలా కనిపిస్తుందో చూసి, ఆ తర్వాతే పిల్లలకు అర్థం చెబుదాం.