దెయ్యాల ఇంటి సినిమా: ప్రేక్షకుని అభిప్రాయాన్ని చదవడం ఎలా?

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• అభిప్రాయానికీ విమర్శకూ గల తేడాను వివరించగలుగుతారు.
• 'రాత్రి' చిత్రంపై ప్రేక్షకుల స్పందనలను వారి నేపథ్యంతో కలిపి పరిశీలించగలుగుతారు.
• భయానక రసాన్ని గురించిన ప్రాచీన ఆలోచనలను ఆధునిక చిత్రానికి అన్వయించగలుగుతారు.

1. పరిచయం

సినిమా హాలు నుంచి బయటికి వస్తున్నవారిని ఎలా ఉందని అడగండి. బాగుంది, బాగాలేదు అనే రెండు మాటల్లో ఏదో ఒకటి వినిపిస్తుంది. దెయ్యాల సినిమా అయితే అది కూడా తగ్గి, భయం వేసింది, భయం వేయలేదు అనే మాటగా మిగులుతుంది. ఇది అభిప్రాయం. విమర్శ కావాలంటే దీనికి కారణం తోడు కావాలి. ఏ ఘట్టంలో భయం వేసింది? ఎందుకు వేసింది? అందరికీ అలాగే వేస్తుందా?

అలాగని కారణం చెప్పని అభిప్రాయం పనికిరానిదని తీసిపారేయకూడదు. నేను ఒకసారి ఆ పొరపాటు చేశాను. ఈ పాఠానికి మూలం ఆ పొరపాటే.

2. చిత్ర పరిచయం

రాంగోపాల్ వర్మ దర్శకత్వంలో 1992లో వచ్చిన చిత్రం 'రాత్రి'. హిందీలో దీని పేరు 'రాత్'. ఒక మధ్యతరగతి కుటుంబం కొత్త ఇంట్లోకి మారుతుంది. ఆ ఇంటి నేలమాళిగలో పాత హత్య తాలూకు నీడ ఉంది. అది ఆ ఇంటి అమ్మాయిని ఆవహిస్తుంది. ఆ పాత్రను రేవతి ధరించారు. మంత్రవేత్తగా ఓంపురి నటించారు. నేపథ్య సంగీతం మణిశర్మది. ఆయన పుట్టిన ఊరు మచిలీపట్నమే.

ఇల్లే భయానికి మూలమైన చిత్రాలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. టోబీ హూపర్ దర్శకత్వంలో, స్టీవెన్ స్పీల్‌బర్గ్ నిర్మాణ భాగస్వామ్యంతో 1982లో వచ్చిన 'పోల్టర్‌గైస్ట్' వాటిలో పేరున్నది. అందులో నగర శివారులోని కొత్త కాలనీని శ్మశానం మీద కడతారు. సమాధి రాళ్ళను తరలిస్తారు కాని శవాలను నేలలోనే వదిలేస్తారు. దెయ్యాల వెనుక స్థలాల వ్యాపారి మోసం ఉందన్నమాట. అమెరికా మధ్యతరగతి తన కొత్త ఇంటి గురించి పడే బెంగ ఆ కథలో ఉంది. మన దగ్గర 2012లో రవిబాబు తీసిన 'అవును' కూడా కొత్తగా ఇల్లు మారిన దంపతుల కథే. కాలం మారినా కొత్త ఇంటి గుమ్మం దగ్గర మనిషికి కలిగే అనుమానం మారలేదు.

3. మూడు చోట్ల మూడు మాటలు

'రాత్రి' విడుదలైన కాలంలో నేను బందరులో అధ్యాపకుణ్ణి. మా విద్యార్థులు బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నుంచి వచ్చేవారు. సినిమా గురించి వారు చెప్పిన మాటలను అప్పట్లో నేను పట్టించుకోలేదు. ఇప్పుడు వాటిని మూడు రకాలుగా విడదీసి చూస్తున్నాను.

మొదటి రకం, కథ మీద అసంతృప్తి. గుడివాడ వైపు నుంచి వచ్చిన కొందరు ఇది దెయ్యం కథలాగా లేదన్నారు. దెయ్యానికి ఒక పగ ఉండాలి, అది కంటికి కనిపించాలి, చివరికి దాని లెక్క తీరాలి అన్నది వారి ఆశ. విఠలాచార్య జానపద చిత్రాల్లో దెయ్యాలు కనబడతాయి, గంతులు వేస్తాయి, నవ్విస్తాయి. ఆ చిత్రాలతో పెరిగిన ప్రేక్షకుడికి కెమెరా కదలికే దెయ్యంగా మారిన చిత్రం కొత్త. ఇక్కడ అభిప్రాయం చిత్రం గురించి ఎంత చెబుతుందో, ప్రేక్షకుడి అలవాటు గురించి కూడా అంతే చెబుతుంది.

రెండవ రకం, శబ్దం మీద ప్రశంస. బందరు కుర్రవాళ్ళు ఎక్కువగా చప్పుళ్ళ గురించి మాట్లాడారు. కళ్ళు మూసుకున్నా భయం ఆగలేదని వారి మాట. ఇది మంచి పరిశీలన. చూపును మనం మూసుకోగలం కాని చెవిని మూయడం కష్టం. భయానక చిత్రంలో సంగీతం ఎంత పని చేస్తుందో వారు శాస్త్రం చదవకుండానే పట్టుకున్నారు.

మూడవ రకం, నమ్మకం కుదరకపోవడం. మన ఊళ్ళలో నేలమాళిగ ఎక్కడుందని అడిగినవారు ఉన్నారు. కృష్ణా డెల్టాలో, అందులోనూ సముద్రం దగ్గర, కొద్ది అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. ఇంటి కింద గది అనే ఊహే ఇక్కడ పొసగదు. ఇది వెటకారం కాదు. చిత్రంలోని ఇల్లు ప్రేక్షకుడి ఇంటికి ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత.

4. నేను వినని మాట

తరగతిలో ఈ చిత్రం గురించి చర్చ వచ్చినప్పుడు నేను తేల్చి చెప్పేశాను. ఇది పాశ్చాత్య చిత్రాల అనుకరణ, మన జీవితంతో సంబంధం లేనిది అన్నాను. దివిసీమ నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచి, ఇల్లు చూస్తే తనకు భయం వేయలేదన్నాడు. కథానాయిక మనుషులు లేని వీధుల్లో నడిచే ఘట్టం వచ్చినప్పుడు మాత్రం హాల్లోంచి బయటికి వచ్చేశానన్నాడు. అది కల మాత్రమే కదా అన్నాను. తరగతి నవ్వింది. అతను కూర్చున్నాడు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. అప్పటికి ఆ విద్యార్థికి ఐదారేళ్ళు ఉంటాయి. ఆ సమయంలో అతను అమ్మమ్మ ఊళ్ళో ఉన్నాడని, తిరిగి వచ్చేసరికి వీధిలో పిలిస్తే పలికేవారు లేరని అతని స్నేహితుడు తరువాత నాకు చెప్పాడు. ఇంట్లో దెయ్యం ఉంటుందేమోనని మనం భయపడుతున్నాం. ఇల్లూ, ఇంట్లో మనుషులూ లేకుండా పోవడాన్ని అతను చూసి వచ్చాడు.

ఆ తరువాత చిత్రాన్ని మళ్ళీ చూశాను. ఈసారి నాకు కనిపించింది దెయ్యం కాదు, మనుషులు లేకపోవడం. జనం లేని వీధి, ఉన్నట్టుండి ఖాళీ అయిపోయే సినిమా హాలు, ఎవరూ లేని గదుల్లో పరుగెత్తే కెమెరా. చిత్రం బలమంతా అక్కడే ఉంది. మంత్రవేత్త వచ్చి కారణాలు చెప్పి నేలమాళిగలోకి దిగిన తరువాత భయం తగ్గుతుంది. వివరణ దొరికిన భయం సగం భయమే. అనుకరణ అన్న నా తీర్పు చివరి భాగానికి కొంత వర్తించవచ్చు. మొదటి భాగానికి వర్తించదు.

5. అలంకార శాస్త్రం ఏమంటుంది?

భరతుడు భయానక రసానికి చెప్పిన విభావాలలో శూన్యగృహం ఒకటి. అంటే ఖాళీ ఇల్లు భయానికి తగిన చోటని నాట్యశాస్త్రం ఏనాడో గుర్తించింది. అభినవగుప్తుడు రసాస్వాదనకు కలిగే ఏడు విఘ్నాలను చెప్పాడు. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగిపోవడం వాటిలో ఒకటి. ఈ దృష్టితో చూస్తే హాల్లోంచి లేచి వచ్చిన ఆ విద్యార్థికి రసం కలగలేదు, విఘ్నం కలిగింది.

కాని తరగతిలో లేచి ఫలానా ఘట్టమని చూపించినప్పుడు అతను చేసిన పని వేరు. తన దుఃఖం చెప్పుకోలేదు. చిత్రంలో ఏది పనిచేస్తున్నదో చూపాడు. అది విమర్శ. డాక్టరేటు ఉన్న నేను ఆ రోజు చెప్పినది అభిప్రాయం.

6. ఒక అభ్యంతరం

ప్రతి అభిప్రాయాన్నీ ప్రేక్షకుడి జీవితంతో సమర్థిస్తే మంచి చెడ్డలకు కొలమానం ఉండదు కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రేక్షకుడి అనుభవం తీర్పు కాదు, సాక్ష్యం. సాక్ష్యాన్ని చిత్రంతో సరిచూడాలి. అతను చూపిన ఘట్టం చిత్రంలో నిజంగా ఉందా? ఆ అనుభవం లేనివారికి కూడా అక్కడ ఏదైనా తోస్తుందా? దివిసీమ విద్యార్థి మాట ఈ రెండు పరీక్షలకూ నిలిచింది. ఉప్పెన చూడని నాకు కూడా రెండవసారి ఆ వీధి భయం కలిగించింది.

సారాంశం

దెయ్యాల ఇంటి చిత్రం ప్రేక్షకుణ్ణి అతని ఇంటి గురించే అడుగుతుంది. అందుకే ఒకే చిత్రానికి గుడివాడలో ఒక జవాబు, బందరులో మరొకటి, దివిసీమలో ఇంకొకటి వచ్చాయి. విమర్శకుడు ముందు వినాలి, తరువాత చిత్రాన్ని మళ్ళీ చూడాలి, ఆ పైన తీర్పు చెప్పాలి. ఈ వరుస తప్పితే ఏమవుతుందో పైన చదివారు.

అభ్యాసం

1. మీ ఇంట్లో మూడు తరాలవారిని తమకు భయం కలిగించిన ఒక సినిమా ఘట్టాన్ని అడిగి రాసుకోండి. భయం వేసిందా అని కాక, ఎక్కడ వేసిందని అడగండి.
2. వారి జవాబులలో చిత్రం గురించి చెప్పేవి ఏవి, వారి జీవితం గురించి చెప్పేవి ఏవి? వేరు చేసి 10 వాక్యాలలో రాయండి.
3. వివరణ దొరికిన భయం సగం భయమే అన్న మాటతో మీరు ఏకీభవిస్తారా? మీరు చూసిన చిత్రం ఆధారంగా చర్చించండి.