ఎడమచేతి విద్య

బండి నేర్చుకునేవాళ్ల ధ్యాసంతా యాక్సిలరేటర్ మీదే. అసలు విద్య ఎడమచేతి వేళ్లలో ఉంది. క్లచ్‌ని మెల్లగా వదులుతుంటే బండి చిన్నగా వణికి కదలబోయే చోటొకటి వస్తుంది. హాఫ్ క్లచ్ అంటారు. లోపల ప్లేట్లు జారుతూ జారుతూ పట్టుకునే క్షణమది. తొందరపడ్డారా, ఇంజిన్ టక్కున ఆగుతుంది, లేదా బండి ఎగిరి దూకుతుంది.

మా బావ నన్ను బడి గ్రౌండులో అరగంటసేపు యాక్సిలరేటర్ ముట్టుకోనివ్వలేదు. "క్లచ్ ఒక్కటే వదలరా, అదే కదుల్తుంది" అన్నాడు. కదిలింది, మనిషి నడకంత నెమ్మదిగా. ఆ నెమ్మదే కష్టం! వేగంలో బండిని నిలబెట్టడం ఎవరికైనా వస్తుంది. లైసెన్సు పరీక్షలో కాలు కింద పెట్టకుండా 8 అంకె తిప్పమన్నప్పుడు తెలుస్తుంది పనితనం. చూపు ముందు చక్రం మీద కాదు, వెళ్లాల్సిన మలుపు మీద ఉండాలి. వెనక బ్రేకు కాస్త తొక్కిపట్టాలి. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు.

లెర్నర్ లైసెన్సు వచ్చాక పరీక్షకు కనీసం 30 రోజులు ఆగాలి. ఎల్ బోర్డు తగిలించుకుని, హెల్మెట్ బిగించుకుని ఆ రోజులన్నీ తిప్పండి. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే వెనకవాళ్లు హారన్ కొడతారు. కొట్టనివ్వండి. క్లచ్ పట్టి, మళ్లీ స్టార్ట్ చేయండి.