మరచినవాడికి గుర్తుచేసేదెవరు?

నన్నయ భారతంలో దుష్యంతుడు శకుంతలను మరచిపోడు. నిండు సభలో ఆమె కొడుకును చూపించి నిలబడితే, లోకం ఏమనుకుంటుందోనని భయపడి, అన్నీ తెలిసే ఎరగనంటాడు. అశరీరవాణి పలికాక గానీ నిజం ఒప్పుకోడు. అదే కథను నాటకంగా రాసిన కాళిదాసు దుర్వాసుడి శాపాన్ని తెచ్చాడు. ఇక్కడ రాజు అబద్ధమాడటం లేదు, నిజంగానే మరచిపోయాడు. గుర్తుగా రాజు ఇచ్చిన ఉంగరం నీళ్లలో జారిపోవడం, చేప కడుపులో దొరకడం, భటులు జాలరిని దొంగ అని పట్టుకోవడం, అన్నీ ఆ ఒక్క మార్పును నిలబెట్టడానికి వచ్చినవే.

ఆ శాపంతో మేలు జరిగింది శకుంతలకు కాదు, రాజుకు. అతని తప్పు మాఫీ అయింది. అందుకే నాకు నన్నయ శకుంతల మీదే మక్కువ. అయితే కథ అల్లికలో కాళిదాసు చేసిన పని అసాధారణం. శాపం సంగతి అనసూయకు, ప్రియంవదకు తెలుసు, చూస్తున్న మనకు తెలుసు. శకుంతలకు తెలియదు. జ్ఞాపకాల చెరిపివేత కథలన్నిటికీ ఇదే ఆయువుపట్టు. పాత్రకు లేని జ్ఞాపకం పాఠకుడి దగ్గర ఉంటుంది, ఉండి నొప్పి పెడుతుంది.

2004లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘ఎటర్నల్ సన్‌షైన్ ఆఫ్ ది స్పాట్‌లెస్ మైండ్’లో విడిపోయిన జంట క్లినిక్‌కు వెళ్లి ఒకరినొకరు మెదడులోంచి తుడిపించుకుంటారు. అక్కడ పోయిన జ్ఞాపకాలకు ఆనవాళ్లు క్లినిక్ దస్త్రాల్లో, టేపుల్లో మిగులుతాయి. మన కథకులు ఆ పెన్నిధిని కంపెనీల చేతిలో పెట్టలేదు. 16వ శతాబ్దపు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో దాన్ని ఒక మణిలో దాచాడు. పసికందు మధురలాలస రొమ్ముకు ఆ మణి తగలగానే గత జన్మలో తాను కలభాషిణినని చెప్పడం మొదలుపెడుతుంది. మాటలు రావాల్సిన వయసు కాదు, అయినా కథ అంతా ఆ నోటి నుంచే రావాలి. కిందటి జన్మను ఒక వస్తువులో భద్రపరచి, దాని స్పర్శతో తెరవడం అనే ఊహను సూరన ఎప్పుడో వాడుకున్నాడు. మన కాలానికి వస్తే పూరీ జగన్నాథ్ ‘ఇస్మార్ట్ శంకర్’ (2019)లో ఒకడి జ్ఞాపకాలు మరొకడి తలలోకి ఎక్కుతాయి. ఊహ పెద్దదే, కానీ సినిమా దాన్ని పోరాటాలకే ఖర్చుపెట్టింది.

వీటన్నిటికంటే నన్ను కదిలించేది ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’ (1964). కొత్తగా పెళ్లయిన జంట పడవలో గోదావరి మీద వెళ్తుంటే సుడిగుండం దగ్గర పూర్వజన్మ తాలూకు భయం కమ్ముకుంటుంది. గత జన్మలో వాళ్లే గోపి, రాధ. ఆ భయం ఎందుకో వాళ్లకు తెలియదు. తెలిసింది గౌరికి. గోపిని ప్రేమించి, అతని ప్రేమ దక్కక, అతడూ రాధా పోయాక వాళ్ల సమాధుల దగ్గర ముసలిదై మిగిలిన మనిషి. మళ్లీ పుట్టినవాళ్లకు మరపు వరమైంది. గౌరికి ఆ వరం లేదు. జమున పోషించిన ఆ పాత్ర లేకపోతే ఆ కథ ఉత్త పునర్జన్మ కథగా మిగిలేది. ఎవరో ఒకరు మరవకుండా ఉన్నందుకు చెల్లించిన మూల్యం చూపింది కాబట్టే అది గొప్ప కథ అయింది.

అదే గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే చోటు నిజామాబాద్ జిల్లా కందకుర్తి. మంజీర, హరిద్ర వచ్చి కలిసే త్రివేణి సంగమం. నది నడుమ పాత శివాలయం ఉంది. వరదకు మునుగుతుంది, నీళ్లు తగ్గాక బయటపడుతుంది. ఈ ఊరికి అస్థికలు కలపడానికి, పెద్దలకు పిండం పెట్టడానికి వస్తారు. ఒడ్డున పంతులు గోత్రం అడుగుతాడు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు అడుగుతాడు. మూడో పేరు దగ్గర చాలామంది ఆగి పక్కనున్న మేనత్తనో పెద్దనాన్ననో చూస్తారు. దుఃఖాన్ని నీళ్లలో వదలమని చెప్పే తంతే, పేర్లు మాత్రం పోగొట్టుకోవద్దంటుంది. బాధను, జ్ఞాపకాన్ని వేరు చేయడం సాధ్యమేనా అని సైన్స్ ఫిక్షన్ అడిగే ప్రశ్న ఇదే.

శాస్త్రం కూడా అటే నడుస్తోంది. 2000లో కరీం నాదర్, జోసెఫ్ లెడూ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, పాత భయాన్ని గుర్తుచేసిన వెంటనే మెదడులో కొత్త ప్రొటీన్ తయారవకుండా అడ్డుకుంటే ఆ భయం సడలిపోయింది. గుర్తుచేసుకున్న జ్ఞాపకం కొంతసేపు పచ్చిగా ఉంటుందన్నమాట. తలచుకోవడమే మార్చడానికి దారి.

చెరపాలని చూసేది మనిషి ఒక్కడే కాదు, రాజ్యం కూడా. 1940ల చివర నిజామాబాద్ ఖిల్లా జైలులో దాశరథి కృష్ణమాచార్య నిజాంకు వ్యతిరేకంగా పద్యాలను బొగ్గుతో గోడ మీద రాశాడు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి తర్వాత ‘జైలు లోపల’ కథలు రాశాడు. ఆ బాధను దాచిపెట్టినవి ఒక గోడ, ఒక పుస్తకం.

ఈ నేలకు ఇంకా రావాల్సిన కథలున్నాయి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు బండ్ల వరుసలు, శక్కర్‌నగర్ క్వార్టర్లు, ఆగిపోయిన జీతాలు, ఇవన్నీ జ్ఞాపకం ఉన్నవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లవుతున్నారు. ఆ నొప్పిని ఒక మాత్రతో తీసేస్తామంటే వాళ్లలో ఎవరు ఒప్పుకుంటారు, ఎవరు వద్దంటారు, వద్దన్నవాళ్ల దగ్గరికి రేపు ఎవరు వచ్చి అడుగుతారు? ఇందూరు (నిజామాబాద్) యువ రచయితలారా, ఇది మీ కథ. శాపం పెట్టి యజమానిని తప్పించకండి, గౌరి లాంటి మనిషిని వెతకండి. గోదావరి పుష్కరాలు 2015లో జరిగాయి, మళ్లీ 2027లో వస్తాయి. ఆలోపే ఆ పెద్దల దగ్గర కూర్చుని విని, రాయండి.