లాటిన్‌లో ఏడ్చిన తల్లి

యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకోవడం తేలిక. ఒక పూలదండ, రెండు నిమిషాల మౌనం, ఓ ఉపన్యాసం... అక్కడితో సరి! వాళ్ళెందుకు పోయారని అడగడం కష్టం. గుళ్ళో నిలబడి, దేవుడి ఎదుటే అడగడం మరీ కష్టం. ఇంగ్లీషు సంగీతకర్త బెంజమిన్ బ్రిటన్ 'వార్ రెక్వియమ్'లో ఆ పనే చేశాడు.

1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు కోవెంట్రీ నగరం మీద బాంబులు కురిపించాయి. పాత కెథడ్రల్ తగలబడిపోయి గోడలు మిగిలాయి. బలిపీఠం వెనకాల గోడ మీద, అప్పటి చర్చి పెద్ద రిచర్డ్ హొవార్డ్ తండ్రిని క్షమాభిక్ష వేడే మాటలు రెండే రెండు చెక్కించారు. సిలువ మీద యేసు అడిగింది 'వీళ్ళని' క్షమించమని. చెక్కిన మాటల్లో ఆ 'వీళ్ళని' లేదు. క్షమాపణ బాంబులు వేసినవాళ్ళకేనా, మనకి అక్కర్లేదూ? ఒక్క మాట లేకపోవడంలో ఎంత అర్థం ఉందో చూడండి.

ఆ గోడల్ని అలాగే ఉంచి, పక్కనే కొత్త కెథడ్రల్ కట్టారు. దాని ప్రతిష్ఠ ఉత్సవాలకోసం బ్రిటన్ కట్టిన ఈ కృతిని 1962 మే 30న మొదటిసారి పాడారు. బ్రిటన్ ఆయుధం పట్టనన్న మనిషి. చనిపోయినవారి ఆత్మశాంతికి చర్చిలో పాడే లాటిన్ ప్రార్థన మధ్యమధ్య విల్‌ఫ్రెడ్ ఓవెన్ ఇంగ్లీషు కవితలు తొమ్మిది పెట్టాడు. ఓవెన్ మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడు. యుద్ధం ఆగడానికి సరిగ్గా వారం ముందు, 1918 నవంబరు 4న, పాతికేళ్ళకే పోయాడు.

ప్రార్థన ఒక మాటంటే కవిత ఎదురుమాట అంటుంది. అబ్రాహాము సంతతికిచ్చిన మాట తలుచుకోమని బృందం దేవుణ్ణి వేడుకుంటుంది. వెంటనే ఓవెన్ సృష్టించిన అబ్రాహాము వస్తాడు. దేవదూత వద్దన్నా, పొట్టేలుని చూపించినా వినడు. కొడుకునీ, యూరప్ బిడ్డల్లో సగంమందినీ బలి ఇచ్చేస్తాడు. ఇది దైవదూషణ కాదా అని ఎవరైనా నొచ్చుకోవచ్చు. నాకలా అనిపించదు. ఈ కవితలోనూ దేవుడు కత్తి ఆపమనే అన్నాడు. విననివాడు మనిషే కదా!

చివర్లో ఇద్దరు శత్రుసైనికులు చావు తర్వాత కలుసుకుంటారు. చంపబడ్డవాడి పాత్ర పాడింది ఫిషర్ డీస్కౌ — రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైనికుడిగా పనిచేసి, ఖైదీగా పట్టుబడినవాడు. అతని పక్కన ఇంగ్లీషువాడు పీటర్ పియర్స్. మూడో గొంతు రష్యన్ గాయని గలీనా విష్నేవ్‌స్కయాది కావాలని బ్రిటన్ కోరిక. సోవియట్ ప్రభుత్వం ఆవిడని రానివ్వలేదు. హెదర్ హార్పర్ పాడింది. శాంతిగీతానికే దేశాల మధ్య గోడ అడ్డొచ్చింది! ఆ ముగ్గురూ కలిసి పాడటం 1963లో రికార్డు చేసినప్పుడుగాని కుదరలేదు.

ఇంత గొప్ప రచనలోనూ నాకొక కొరత కనిపిస్తుంది. మగవాళ్ళిద్దరూ తమ బాధ ఇంగ్లీషులో, అందరికీ తెలిసే భాషలో చెప్పుకుంటారు. స్త్రీ గొంతుకి మాత్రం లాటినే. ఏడుపు ఉంది, ఫలానా తల్లి ఏడుపు లేదు. యుద్ధం ఆగిందని గంటలు మోగిన నవంబరు 11నే ఓవెన్ తల్లికి కొడుకు చావు తంతి అందింది. ఆ గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి ఇందులో చోటేదీ? మన తిక్కన స్త్రీపర్వంలో గాంధారి తెలుగులోనే ఏడుస్తుంది. కోపంతో కృష్ణుణ్ణే శపిస్తుంది. దేవుణ్ణి నిలదీసే హక్కు తల్లికి ఉందని మన కవులకి తెలుసు.

అయినా ముగింపు నన్ను ఒప్పించింది. మొదటినుంచీ పొసగక పోట్లాడుకున్న రెండు స్వరాలు, చిట్టచివరి ఆమెన్‌లో మెల్లగా సర్దుకుంటాయి. విజయగీతంలా కాదు, భయంభయంగా. శాంతి వచ్చేసిందని చర్చి ఢంకా బజాయిస్తే నేను నమ్మేదాన్ని కాదు. తప్పు మాలోనూ ఉందని ఒప్పుకుని, గొంతు తగ్గించి అడిగింది కాబట్టి ఆ ప్రార్థనలో నేనూ గొంతు కలపగలను.