ఏ చావు మైల? ఏ చావు దైవం?

షింటో మతం గురించి చాలామంది ఒక అందమైన బొమ్మ గీస్తారు. కొండలో, చెట్టులో, వాగులో 'కామి' అనే దైవశక్తి ఉంటుంది. చనిపోయిన పెద్దలు కూడా కామి అయి ఇంటిని కాపాడతారు. ప్రవక్త లేడు, ఒకే ధర్మగ్రంథం లేదు, కాబట్టి పెత్తనమూ లేదంటారు. ఈ చివరి మాట దగ్గరే మనం ఆగాలి. ఎవరి పెద్దలు? చచ్చినవాణ్ణి దేవుణ్ణి చేసే అధికారం ఎవరిది?

ఈ బొమ్మకు సిద్ధాంత బలం ఇచ్చినవాడు జానపద పండితుడు యానగిత కునియో. పూర్వీకుల గురించి ఆయన 1945లో, యుద్ధం ముగియకముందే రాసిన పుస్తకం 1946లో అచ్చయింది. చనిపోయినవాళ్ళు మామూలుగా 33 ఏళ్ళ తర్వాత తమ పేరు పోగొట్టుకుని పూర్వీకుల సమూహంలో కలిసిపోతారనీ, దగ్గరి కొండ మీద ఉంటూ వసంతంలో పొలానికి దిగొస్తారనీ ఆయన వాదన. పిల్లలు లేకుండా యుద్ధంలో చచ్చిన కుర్రవాళ్ళకు ఎవరు పూజ చేస్తారన్న బాధ అందులో ఉంది. ఆ బాధ నిజమైనదే. కానీ ఆ ఊహకు కేంద్రం వరిపొలం, ఇల్లు, వారసుడు ఉన్న కుటుంబం. పొలం లేనివాడి పెద్దలు ఏ పొలానికి దిగాలి?

పెద్దల్ని పూజించే ఈ మతానికే చావంటే మైల. దాని పేరు 'కెగారే'. 927లో పూర్తయిన 'ఎంగిషికి' నియమావళి మనిషి చావుకి 30 రోజులు, పశువు చావుకి 5 రోజులు మైల లెక్కగట్టింది. ఇంట్లో చావు జరిగితే దేవుడి అరకు తెల్లకాగితం అంటించే ఆచారం ఉంది. అంత్యక్రియలు ఎక్కువగా బౌద్ధ ఆలయాలకే వదిలేశారు.

మరి చచ్చిన గొడ్డును ఎత్తేదెవరు? తోలు ఒలిచేదెవరు? ఈ ప్రశ్నలు మనకు కొత్తవి కావు. జపాన్‌లో ఆ పని చేసినవాళ్ళను 'ఎతా' అన్నారు. రాతలో దాని అర్థం మిక్కిలి మైల. వాళ్ళ వారసులే నేటి బురాకు ప్రజలు. 1871లో ప్రభుత్వం ఆ పేరును, అంతస్తును రద్దు చేసింది. మైల మాత్రం రద్దు కాలేదు. అందుకే 1922లో క్యోటోలో వాళ్ళు 'సుయిహేయిషా' అనే తమ సంఘం పెట్టుకోవాల్సొచ్చింది. చచ్చాక కూడా వదల్లేదు. బౌద్ధ ఆలయాలు బురాకు మృతులకు పశువు, తోలు వంటి అర్థాలొచ్చే మరణానంతర నామాలు పెట్టి సమాధిరాళ్ళ మీద చెక్కించాయి. పెద్దల పూజలో కూడా వెలివాడ ఉందన్నమాట.

ఇక రెండో వైపు చూద్దాం. 1869లో టోక్యోలో పుట్టిన ఆలయం 1879లో యాసుకుని అయింది. చక్రవర్తి పక్షాన చచ్చినవాళ్ళు అక్కడ కామి. అదే అంతర్యుద్ధంలో ఎదుటి పక్షాన చచ్చినవాళ్ళకు చోటు లేదు. ఇప్పుడక్కడ 24 లక్షల 66 వేలకు పైగా పేర్లున్నాయి. జపాన్ వలసపాలనలో సైన్యంలోకి లాగిన కొరియా, తైవాన్ మనుషుల పేర్లూ ఉన్నాయి. తీసెయ్యమని కుటుంబాలు అడిగితే, ఒకసారి కలిపిన ఆత్మను విడదీయలేమని ఆలయం జవాబు.

నకాయా యాసుకో కేసు చూడండి. ఆమె క్రైస్తవురాలు. ఆత్మరక్షణ దళంలో పనిచేసే భర్త 1968లో విధుల్లో ప్రమాదంలో చనిపోయాడు. ఆమె వద్దన్నా, 1972లో యామాగుచిలోని షింటో ఆలయంలో అతన్ని కామిని చేశారు. కింది కోర్టుల్లో గెలిచింది. 1988లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇతరుల మతాచారాన్ని సహించాలని ఆమెకే బుద్ధి చెప్పింది.

తల్లి ఫొటో ముందు గుప్పెడు అన్నం పెట్టే మనిషి మీద మనకు ఏ విమర్శా లేదు. ఆ దుఃఖాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే హేతువాదం మనకక్కర్లేదు. విమర్శంతా ఒక అధికారం మీద. గొడ్డు చావుని ముట్టినవాణ్ణి తరతరాలు మైలవాణ్ణి చేసింది, చక్రవర్తి కోసం చచ్చినవాణ్ణి ఒక్క రోజులో దేవుణ్ణి చేసింది. రెండుచోట్లా ఆ మనిషిని గానీ, వాడి ఇంటివాళ్ళని గానీ ఒక్క మాట అడగలేదు. పెద్దల పూజ గురించి రాసేవాళ్ళెవరైనా ముందు ఈ సంగతికి జవాబు చెప్పాలి.