పదమూ పదార్థమూ

తెలుగులో శాస్త్రరచన చదువరికి చేరడం లేదన్న మాట తరచు వినవస్తున్నది. అందుకు చూపే కారణం సాధారణంగా ఒక్కటే: పారిభాషిక పదాలు చాలవని. ఈ కారణం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించదగి ఉన్నది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారి పూనికతో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి వెలసిన నాటినుండి, 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల పాఠ్యగ్రంథాలు ప్రకటించిన కాలందాకా, పదాలు కల్పించే పని సాగుతూనే వచ్చినది. పదాలు పెరిగినవి, వాటితో కూర్చిన వాక్యాలను అర్థం చేసికొని చదివేవారు ఆ మేరకు పెరిగినారని చెప్ప వీలులేదు. లోపం వేరొక చోట ఉన్నది.

ఒక్క ఉదాహరణ చాలును. ఆక్సిజన్‌ను ‘ఆమ్లజని’ అని తెనిగించినారు. గ్రీకు ధాతువులకు అది సరియైన అనువాదమే. ఆమ్లాలన్నిటికీ ఈ వాయువే మూలమని నమ్మి, 18వ శతాబ్దిలో ఫ్రెంచి రసాయనవేత్త లవోయిజే ఆ పేరు పెట్టినాడు. 1810లో హంఫ్రీ డేవీ, నేడు హైడ్రోక్లోరికామ్లమనే ద్రవ్యంలో ఈ వాయువు లేదని తేల్చడంతో ఆ నమ్మకం చెదిరినది. ఇంగ్లీషు చదువరికి పేరులోని ధాత్వర్థం స్ఫురించదు గనుక పేరు నిలిచినా ప్రమాదం లేకపోయినది. తెలుగులో ‘ఆమ్లం’, ‘జని’ అన్న రెండూ విద్యార్థికి విడివిడిగా తెలిసిన మాటలే. అక్కడ చెల్లిపోయిన పొరపాటు ఇక్కడ మరల ప్రాణం పోసికొన్నది. ‘ఉదజని’కి ఈ దోషం లేదు, ఆ వాయువు మండితే నీరే పుట్టుతుంది. ‘ప్రాణవాయువు’ అన్న పేరు వాయువు చేసే పనిని చూచి పెట్టినది. అనువాదకుని దృష్టి నిఘంటువుపై నిలిచినదా, వస్తువుపై నిలిచినదా అన్నదే వీటి తారతమ్యానికి మూలం.

సాహిత్య పరిశోధననూ ఈ వ్యాధి విడువలేదు. సిద్ధాంతవ్యాసాలలో పెక్కింట కథాసంగ్రహం ఒక పాలు, ప్రశంస ఒక పాలు, ఇతరుల అభిప్రాయాలు మరొక పాలు. ఏ ప్రతిని చూచినదీ, ఏ పాఠాన్ని స్వీకరించినదీ, తమ నిర్ణయానికి ఎదురు నిలిచే ఆధారం ఉన్నదీ లేనిదీ చెప్పే వ్యాసాలు అరుదు. ఆధారం ఉండవలసిన చోట ‘అద్వితీయం’, ‘అనిర్వచనీయం’ అన్న విశేషణాలు పీట వేసికొంటున్నవి.

గిడుగు రామమూర్తిగారిని వ్యావహారిక భాషోద్యమ నాయకునిగానే లోకం ఎక్కువగా స్మరిస్తున్నది. పరిశోధకునిగా ఆయన నడచిన దారి అంతకు తక్కువది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల నోటనే సవరభాష నేర్చినారు. దశాబ్దాల శ్రమ పిమ్మట ఆ భాషకు వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడినవి. వాదంలోనూ ఆయనది అదే పద్ధతి. వ్యావహారికానికి వ్రాతలో పూర్వాచారం లేదన్నవారికి, పాత వచన రచనలనుండి ఉదాహరణలు ఏరి ‘గద్యచింతామణి’గా కూర్చి సమాధానమిచ్చినారు. ఆయన నిర్ణయాలను అంగీకరించనివారికి సైతం ఆ ఆధారాలను పరీక్షించే వీలు నేటికీ ఉన్నది. మంచి పరిశోధనకు ఇదే గీటురాయి.

సులభంగా వ్రాస్తే పాండిత్యానికి లోటని భయపడేవారు ఉన్నారు. వస్తువు కరతలామలకమైనవానికే సులభశైలి పట్టువడుతుంది. తెలియనివాడు పదాల చాటున దాగుతాడు. తెలుగు తప్ప వేరొక భాష రాని చదువరికి మాత్రం ఆ చాటును తొలగించుకొనే దారి లేదు. వాని ఎదుట శాస్త్రజ్ఞుడూ, సాహిత్య పరిశోధకుడూ సమానంగా బాధ్యులు.