పోలికకు పెట్టిన మందు

మైగ్రేన్ తలనొప్పికి ముందు కొందరికి కళ్లముందు మెరుపు గీతలు వంకరటింకరగా పాకుతాయి. చూపులో కొంత మేర మసకబారుతుంది, చేయీ పెదవీ తిమ్మిరెక్కుతాయి, మాట తడబడుతుంది. ఆరా అనే ఈ దశ మామూలుగా గంటలోపే సర్దుకుంటుంది. గంటలు దాటి, ఒక్కోసారి రోజులపాటు వదలనివాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఏ మందివ్వాలి? అసిటజోలమైడ్, ఫ్యూరోసెమైడ్, నరానికెక్కించే మెగ్నీషియం, లామోట్రిజిన్... ఒక్కోటీ కొద్దిమందికి పనిచేసిందన్న నివేదికలే ఎక్కువ. ఆరా దానంతటదే తగ్గిపోయేది కూడా. అలాంటప్పుడు మందు తగ్గించిందో, తగ్గే వేళకు మందు పడిందో ఎలా తెలుస్తుంది?

2013లో న్యూరాలజీ పత్రికలో షాజియా అఫ్రిది, పీటర్ గోడ్స్‌బీ, వారి సహచరులు ప్రచురించిన చిన్న పరీక్ష నాకు అందుకే అంత ఇష్టం. వాళ్లు ఎంచుకున్నది ముక్కులో వేసే కెటమిన్. దానికి కారణముంది. కుందేలు మెదడు పైపొరలో నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పాకే స్తబ్దత అలను 1944లో లియావ్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. ఆరా వెనుక ఉన్నది ఆ అలేనని నేటి అవగాహన. ఆ అల సాగడానికి గ్లూటమేట్ తోడ్పడుతుంది. గ్లూటమేట్ పనిచేసే ఎన్‌ఎమ్‌డీఏ ద్వారాన్ని కెటమిన్ మూస్తుంది. 2000లో, వంశపారంపర్యంగా పక్షవాతపు లక్షణాలతో వచ్చే మైగ్రేన్ ఉన్న 11 మందికి దీన్ని ఇస్తే ఐదుగురికి ఆరా తగ్గింది. కానీ అక్కడ పోల్చి చూడడానికి మరో మందు లేదు.

2013 పరీక్ష పనితనమంతా పోలికకు పెట్టిన మందులోనే ఉంది. కెటమిన్ తీసుకున్న మనిషికి అది ఒంటికి తెలుస్తుంది: తేలిపోతున్నట్టు, చుట్టుపక్కలవి దూరమైనట్టు. రెండో సీసాలో ఉప్పునీళ్లు పోస్తే, తమకు ఏది దక్కిందో రోగులు ఇట్టే పసిగడతారు. ఆ తర్వాత వాళ్లు రాసేదాంట్లో మందు ఎంతో, నమ్మకం ఎంతో విడదీయలేం. అందుకని 25 మిల్లీగ్రాముల కెటమిన్‌కు ఎదురుగా 2 మిల్లీగ్రాముల మిడజోలామ్ పెట్టారు. అదీ మత్తునిస్తుంది, మగతగా ఉంచుతుంది. కానీ పనిచేసే దారి వేరు. ఆరా తీవ్రతను కొలిచే యంత్రం లేదు, రోగి మాటే కొలబద్ద. ఆ మాట మీద మొగ్గు పడకుండా కాపాడడానికి ఇంత ఆలోచించారు.

చేరినవారు 30 మంది, పూర్తిచేసినవారు 18 మంది. ఒక్కొక్కరూ మూడు దఫాల మైగ్రేన్‌ను నమోదు చేశారు. కెటమిన్ ఆరా తీవ్రతను తగ్గించింది, నిడివిని తగ్గించలేదు. ఈ రెంటినీ కలిపేయకుండా వేరువేరుగా అడగడం కూడా నాకు గొప్పగా అనిపిస్తుంది. వ్యవధి ఒక్కటే లెక్కపెట్టి ఉంటే మందు విఫలమైందని రాసేవారు. గంటల తరబడి చూపు చెదిరినవాడికి, గంటలు మారకపోయినా ఆ చెదురు పలచబడడం చిన్న సంగతి కాదు.

18 మందితో ఇది ఇంటి వైద్యమైపోదు. కెటమిన్ డాక్టర్ చేతిలో ఉండాల్సిన మందు. మొదటిసారి ఇలాంటి లక్షణాలు వచ్చినా, ఎప్పటిలా తగ్గకపోయినా పక్షవాతం కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మిడజోలామ్ ఆరాను ఏమీ చేయలేదు. ఉపశమనం మగత వల్ల వచ్చిందేమో అన్న అనుమానానికి ఆ రెండో సీసాయే జవాబు చెప్పింది.